లెక్కలో పడని బార

పలాసలో మేం అద్దెకుంటున్న ఇంటికి దగ్గర్లో ఒక చెరువుంది. దాని గట్టు చుట్టూ సిమెంటు పలకలు పరిచి, ఇనుప కంచె వేసి, బెంచీలూ లైట్లూ, చేతులూ కాళ్ళూ ఊపే వ్యాయామం సామాన్లూ పెట్టి పార్కు చేశారు. గేటు పక్కన నిబంధనల బోర్డు ఉంటుంది. బోర్డు కనబడితే మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదవందే నేను కదల్లేను. అందరూ ఒకే దిశలో నడవాలి. సైకిళ్ళు తేకూడదు. చెరువులో దిగకూడదు. కుక్కల్ని గొలుసుతో మాత్రమే తేవాలి. అన్నిటికీ కింద, చెరువు చుట్టూ ఒకసారి తిరిగితే ఎన్ని మీటర్లో రాసి ఉంటుంది. ఈ బోర్డు మా మావకి చదివి వినిపిస్తే, అందులో ఆయనకి నచ్చిన వాక్యం ఒక్కటీ లేకపోయింది.

మావ అంటే మా అమ్మకి అన్నయ్య, లోకనాథం. వజ్రపుకొత్తూరు మండలంలో సముద్రం ఒడ్డున మా ఊరు. ఒంట్లో శక్తి ఉన్నంతకాలం వేటకి వెళ్ళినవాడు. ఇప్పుడు కిడ్నీ పరీక్షల కోసం నెలకోసారి పలాస వస్తాడు. ముందురోజు సాయంత్రమే వచ్చి మా ఇంట్లో పడుకుంటాడు. పొద్దున్న ల్యాబు తెరిచేదాకా ఆయనకి పనుండదు, టెక్కలిలో నేను పాఠాలు చెప్పే పాలిటెక్నిక్‌కి బస్సెక్కేదాకా నాకూ ఉండదు. నడక మంచిదని డాక్టరమ్మ చెప్పింది కాబట్టి ఇద్దరం పార్కుకి వెళ్తాం. ఆ వేళకి జీడిపిక్కల ఫ్యాక్టరీల పొగ చెరువు మీద పల్చగా పరుచుకుని ఉంటుంది. ఆ కమురు వాసనలోనే బూట్లేసుకున్న వ్యాపారులు చేతులూపుకుంటూ నడుస్తారు, కాలేజీ పిల్లలు చెవుల్లో పాటలు పెట్టుకుని పరిగెడతారు. ఒక లావుపాటి ఆసామిని ఆయన లాబ్రడార్ కుక్క లాక్కుపోతూ ఉంటుంది. మొదటిరోజు దాన్ని చూసి మావ ఆగిపోయాడు.

"కుక్కకి తాడు కట్టీసి ఆ బాబు దాని ఎనకాల పరిగెడతన్నాడేటిరా? ఎవలు ఎవల్ని తిప్పుతన్నారు?"

"ఆయనే కుక్కని నడిపిస్తున్నాడు మావా."

"ఆ ముక్క కుక్కకి సెప్పినారా?"

మావ ఉత్త కాళ్ళతో నడుస్తాడు. పంచె మోకాళ్ళ పైకి కట్టి, ఇసుకలో నడిచినట్టే మడమ బలంగా ఊనుతూ నడుస్తాడు. ఆయనతో నడవడం మొదలుపెట్టిన కొద్దికాలానికే ఒక సంగతి గమనించాను. చుట్టు పూర్తయి గేటు దగ్గరికి రాగానే నేను ఆగిపోతాను. ఆయన ఆగడు. గేటు దాటి, అవతలున్న కానుగ చెట్టుదాకా వెళ్ళి, చెట్టుని ఒకసారి తాకి వెనక్కి వస్తాడు. ప్రతి చుట్టుకీ ఇంతే. ముసలితనపు చాదస్తంలే అనుకున్నాను. పోయిన నెల ఇదే పార్కులో, బెంచీ మీద, అది చాదస్తం కాదని తెలిసింది. ఎలా తెలిసిందో చెప్పాలంటే ముందు నేను పెరిగిన ఒడ్డు గురించి చెప్పాలి.

మా ఊళ్ళో నీటి పక్కన నడవడానికి ఎవరూ పార్కు కట్టలేదు. పొద్దుటి పూట ఒడ్డుకి ఉన్న పనులు వేరు. వలలు ఆరేది అక్కడే. వేట నుంచి తెప్పలు వచ్చి ఆగేదీ, చేపల పాట జరిగేదీ, ఉప్పు పట్టిన చేపలు ఎండేదీ అక్కడే. ఇంట్లో మరుగుదొడ్డి లేనివాళ్ళు చెంబు పట్టుకుని వెళ్ళేదీ అక్కడికే. అందుకే బయటివాళ్ళు "బీచ్‌కి వాకింగ్ వెళ్దాం" అంటే మా ఆడవాళ్ళు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేవారు. వీటన్నిటి మధ్య నుంచి, ఎవరినీ తగలకుండా, ఊళ్ళో కుర్రాళ్ళు పరిగెత్తేవాళ్ళు. ఉద్దానంలో ఏ ఊరైనా అంతే. ఆర్మీ భర్తీ ర్యాలీ పడిందని తెలిస్తే జీడితోటల దారుల్లోనూ హైవే పక్కనా ఒడ్డు మీదా చీకటి ఉండగానే అడుగుల చప్పుడు మొదలయ్యేది.

మా నాన్న గుజరాత్‌లో బోట్ల మీద పనిచేసేవాడు. ఏడాదిలో ఎక్కువ నెలలు అక్కడే. అక్కడ వేట ఆపేసిన కాలంలో ఇంటికి వచ్చేవాడు. వచ్చిన కొత్తల్లో చెంబు ఎక్కడుందో, దుప్పటి ఎక్కడుందో చుట్టంలా అడిగేవాడు. అవి ఎక్కడుంటాయో తెలిసే వేళకి మళ్ళీ రైలెక్కేవాడు. అందుకని అమ్మా నేనూ మావ ఇంట్లోనే ఉండేవాళ్ళం. ఆ ఇంటి వాసనలు ఇప్పటికీ వేళల ప్రకారం గుర్తున్నాయి: తెల్లారుతూనే సరుగుడాకు మంట, దాని మీద ఉడికే చోడి అంబలి, ఎండెక్కాక గుమ్మం ముందు కవళ్ళ చేపలు ఎండుతున్న వాసన, సాయంత్రం మావ భుజం మీది తడి తాడు వాసన, ఉప్పూ నాచూ కలిసినట్టు. ఈశ్వరమ్మత్త అంబలి పోసేటప్పుడు మొదటి గరిటె మా బావకి, రెండోది నాకు, అడుగున మిగిలింది కర్రిగాడికి. కర్రిగాడు నల్ల కుక్క. ఎవరూ పెంచలేదు, ఎవరూ తోలలేదు. ఏ తెప్ప ఎప్పుడొస్తుందో ఊరికంటే ముందు దానికే తెలిసేది.

మావకి టేపు మీద నమ్మకం లేదు. తలుపైనా మంచమైనా చేతులు బార్లా చాపి కొలిచేవాడు. ఈ వేలి కొస నుంచి ఆ వేలి కొసకి ఒక బార. "టేపు ఎవడు సేసినాడో నీకు తెల్సా? ఈ సేతులు మా అమ్మ ఇచ్చినాది," అనేవాడు.

ఆయన కొడుకు ఢిల్లేసు నాకు బావ. నేను పదో తరగతికి వచ్చేటప్పటికి రెండు ర్యాలీల్లో పరుగులోనే పోయాడు. రాబోయేది మూడోది. వయసు లెక్క ప్రకారం అదే ఆఖరిది కూడా. అది తప్పితే ఏమిటన్నది ఇంట్లో అందరికీ తెలుసు: మా నాన్నతో పాటు గుజరాత్ బోటు. మా ఒడ్డున దొరికే చేప ఒక కుటుంబానికే చాలడం లేదు, ఇద్దరు మగవాళ్ళు ఒకే తెప్ప మీద బతకలేరు. మావకి ఆర్మీ కూడా ఇష్టం లేదు. "సముద్రంలో పోయినోడు మన గంగమ్మ ఒళ్ళో పోయినట్టు. ఆ కొండల్లో మనకెవలున్నారు?" అనేవాడు. అత్త వెంటనే, "ఆడు పోతాడని ఎవలన్నారు? ఉజ్జోగానికి ఎల్తాడంతన్నారు," అని కసిరేది. మా నాన్న పగిలిన అరచేతులు చూసిన నేను ఏ పక్షమో ఎవరూ అడగలేదు. బావ నెగ్గాలని నాకెంత ఉండేదంటే, పదో తరగతి లెక్కలన్నీ పక్కనపెట్టి ఆయన పరుగు లెక్కలు వేసేవాణ్ణి. బావ నన్ను ఇంజినీరూ అని పిలిచేవాడు, వెక్కిరింతగానే.

ఇసుకలో గుడ్డిగా పరిగెడితే లాభం లేదనీ, కచ్చితమైన దూరం కొలిచి, టైము చూసుకుంటూ పరిగెత్తాలనీ నేనే చెప్పాను. కొలవడానికి అంత పొడుగు ఉన్నది మావ లంగరు తాడు ఒక్కటే. అడగడానికి బావకి ధైర్యం చాలలేదు. నేనడిగాను.

"ఎంత దూరం పరిగెట్టాల్రా?" అన్నాడు మావ, వల కుడుతూ, తలెత్తకుండా.

"పదహారు వందల మీటర్లు మావా. పోడానికి ఎనిమిదొందలు, రాడానికి ఎనిమిదొందలు."

"మీటర్లు నాకు తెల్దు. బారల్లో సెప్పు."

దర్జీ దగ్గర టేపు తెచ్చి మావని గోడకి నిలబెట్టి చేతులు చాపించాను. "సక్కిలిగిల్లెడతన్నావేటిరా, బేగి కానీ," అని ఆయన మెలికలు తిరుగుతూంటే అత్త పొయ్యి దగ్గర కూచుని నవ్వింది. ఎనిమిది వందల మీటర్లని ఆయన బారతో భాగిస్తే నాలుగు వందల డెబ్బై వచ్చింది. మావ తెప్ప అంచు మీద కూచుని తాడు కొలవడం మొదలుపెట్టాడు. కొలిచిన తాడుని చిక్కు పడకుండా దూరంగా లాక్కుపోయి చుట్ట చుట్టడం నా పని. గాలికి ఆయన అంకెలు ముక్కలు ముక్కలుగా వినబడేవి. నూరు బారల దగ్గర ముడి వేశాడు. ఆ నూరు బారల తాడునే మా తెప్పల పాక నుంచి ఉత్తరంగా ఒకదాని తర్వాత ఒకటిగా పరుచుకుంటూ వెళ్ళాం, ఆఖరి డెబ్బై బారలూ విడిగా కొలిచాం. లెక్క ముగిసిన చోట మావ ఒక సరుగుడు కర్ర పాతాడు. అది పక్క ఊరి తెప్పలు మొదలయ్యే చోటు దాటి కొంచెం అవతల పడింది. ఆర్మీ వద్దన్న మనిషి ఆ కర్ర గాలికి పడిపోకుండా చుట్టూ రాళ్ళు పేర్చడం చూసి బావ నాకేసి కన్నుగీటాడు.

ఆ నెలలన్నీ ఒకలాగే గడిచాయి. బావ కర్రదాకా వెళ్ళి, చేత్తో తాకి వెనక్కి రావాలి. నేను పాక దగ్గర అమ్మ ఫోన్‌లో టైము చూడాలి. కర్రిగాడు మొదటి అడుగు నుంచీ బావ పక్కనే పరిగెత్తేవాడు. కానీ పక్క ఊరి తెప్పలు రాగానే టక్కున ఆగిపోయేవాడు. అక్కణ్ణుంచి ఆ ఊరి కుక్కల రాజ్యం. బావ కర్ర తాకి వచ్చేదాకా అక్కడే నాలుక వేలాడేసి కూచుని, మళ్ళీ కలిసేవాడు. "దొంగ నాయాల! పూర్తిగా పరిగెట్టకుండా గెలిసీసినానంతన్నాడు," అని బావ వాడి చెవి పిండేవాడు.

టైము మాత్రం దిగేది కాదు. ర్యాలీలో పాసవ్వాల్సిన టైముకి ఎప్పుడూ పదిహేనో ఇరవయ్యో సెకన్లు ఎక్కువ. ఒక్కటొక్కటే మార్చి చూశాను. బూట్లతో, బూట్లు లేకుండా. అంబలికి ముందు, తర్వాత. పోటు ఉన్నప్పుడు, పాటు మీద ఇసుక గట్టిపడినప్పుడు. గాలి ఎదురైన రోజు, గాలి లేని రోజు. ఏది మార్చినా ఆ పదిహేను సెకన్లు అక్కడే కూచునేవి. ర్యాలీకి వెళ్ళే ముందురోజు పొద్దున్న బావ ఆఖరిసారి పరిగెత్తాడు. వచ్చి తడి ఇసుకలో వెల్లకిలా పడిపోయాడు. నేను ఫోన్ చూపించలేదు. నా మొహం చూసే తెలుసుకున్నాడు. లేచి బూట్లు విప్పి, రెంటినీ లేసుతో ముడేసి నా ఒళ్ళో పడేశాడు.

"నువ్వు తొడుక్కో ఇంజినీరూ. నానెల్లను. ఒక్కపాలైనా అందని టైము ఆ రోజు మాత్రం అందుద్దా? మీ నాన్నకి ఫోన్ సెయ్యి. నాకో బోటు సూడమను."

కర్రిగాడు వచ్చి ఆయన కాళ్ళు నాకుతూ ఉంటే కూడా పట్టించుకోలేదు. పాకలో వల సర్దుతున్న మావ అంతా విన్నాడు. కొడుకు గుజరాత్ వెళ్తానని తనంతట తాను అన్నందుకు సంతోషిస్తాడేమో అనుకున్నాను. ఆయన వల కింద పెట్టి వచ్చి నా ఒళ్ళోంచి బూట్లు తీసుకున్నాడు. ముడి విప్పడానికి చాలాసేపు పట్టింది. విప్పి కొడుకు పక్కన పెట్టాడు.

"వొద్దన్నది నానురా. నాను అనొచ్చు, నీ బాబుని. నువ్వు ఎల్లననకూడదు."

"టైము అందలేదు నాన్నా. నా కాళ్ళకి అంతే."

"ఎల్లి ఓడిపో. ఓడిపోయొచ్చినోణ్ణి బోటెక్కిత్తాను. ఎల్లనోణ్ణి ఏటి సెయ్యాలో నాకు తెల్దు."

ఆ సాయంత్రం మావే మమ్మల్నిద్దర్నీ బస్సెక్కించి తనూ ఎక్కాడు. పలాసలో బస్సు మారి శ్రీకాకుళం చేరాం. మర్నాడు తెల్లారేసరికి మైదానం కంచె బయట మావా నేనూ వేలాడుతున్నాం. లోపల బనియన్లతో గుంపులు గుంపులుగా కుర్రాళ్ళు. గుండ్రటి ట్రాకు మీద నాలుగు చుట్లు. బావ జన్మలో గుండ్రంగా పరిగెత్తినవాడు కాదు; వెళ్ళడం, కర్ర తాకడం, రావడం, అంతే తెలుసు. రెండో చుట్టులో గుంపు మధ్యలో ఉన్నాడు. మూడో చుట్టుకి ముందు వరసలోకి వచ్చాడు. నాలుగో చుట్టులో ఆఖరి గీత దాటాడు, దాటి ఆగలేదు. ముందు వచ్చినవాళ్ళు మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని రొప్పుతూంటే మావాడు వంపు తిరిగి వెళ్ళిపోతున్నాడు. విజిల్ వేసుకుంటూ ఒక జవాను వెంటపడ్డాడు. మైదానమంతా నవ్వు. మావ మాత్రం కంచె పట్టుకుని, "ఆగకురా! పరిగెట్టు!" అని అరుస్తూనే ఉన్నాడు.

చుట్లు లెక్క తప్పాయనీ, కాళ్ళు ఇంకా ఉందన్నాయనీ బావ తర్వాత చెప్పాడు. పాసయ్యాడు. మిగతా పరీక్షలూ అయ్యాక ఒకరోజు ఇనుప ట్రంకు పెట్టెతో రైలెక్కాడు. ఆ రోజు కర్రిగాడు ఊరి చివర జీడితోటదాకా ఆటో వెనక పరిగెత్తి, ఎప్పట్లాగే తన హద్దు దగ్గర ఆగిపోయాడు.

ఒడ్డు మీద ఒక్కసారీ అందని టైము మైదానంలో ఎలా అందింది? నేను ఇంజినీరింగ్ చదివినంతకాలం ఈ ప్రశ్నకి కారణాల పట్టీ నా దగ్గరుంది. ఇసుక మెత్తదనం మొదటిది. పక్కన పోటీ ఉండడం రెండోది. ఆఖరి అవకాశమన్న భయం మూడోది. కొలతల్లో తప్పుల గురించి పాఠం చెప్పేటప్పుడు మా పిల్లలకి ఈ కథ చెప్పి, నేల స్వభావం ఫలితాన్ని ఎలా మారుస్తుందో వివరించేవాణ్ణి కూడా. పట్టీలో నాకు నచ్చనిది ఒకటుండేది. పాటు మీద తడి ఇసుక మైదానమంత గట్టిగా ఉంటుంది, ఆ రోజుల్లోనూ టైము దిగలేదు. దాన్ని పిల్లలకి చెప్పేవాణ్ణి కాదు, జవాబు లేదు కాబట్టి.

పోయిన నెల మావ కాశీబుగ్గ బజార్లో లంగరు తాడు కొన్నాడు. తను వేటకి వెళ్ళడం లేదు గానీ తెప్ప మీద వాటా ఉంది. దుకాణంలో తాడు తూకానికి అమ్ముతారు. ఎన్ని బారలొచ్చాయో చూసుకోకపోతే ఆయనకి నిద్ర పట్టదు. పొద్దున్న తాడు సంచీ పట్టుకుని పార్కుకి బయల్దేరాడు.

"ఇంట్లోనే కొలుచుకోవచ్చు కదా మావా?"

"మీ ఇంట్లో సేతులు సాపితే గోడలు తగుల్తాయిరా."

నడక అయ్యాక బెంచీ మీద కూచుని కొలవడం మొదలుపెట్టాడు. లాబ్రడార్ ఆసామి వింతగా చూసుకుంటూ పోయాడు. నేను పక్కనే కూచున్నాను, అన్నేళ్ళలో మొదటిసారి ఆయన చేతులకి అంత దగ్గరగా. పద్దెనిమిది, పందొమ్మిది, ఇరవై. అక్కడ ఆయన పెదవులు ఆగాయి. చేతులు ఆగలేదు. ఒక బార తాడు మాటా పలుకూ లేకుండా వేళ్ళ మధ్య నుంచి జారి కింద పడింది. తర్వాతది ఇరవై ఒకటి. నలభై దగ్గర మళ్ళీ అంతే.

"మావా, ఒక బార లెక్కెట్టకుండా వదిలేశావు."

"వొదల్లేదురా. అది గంగమ్మది."

"అంటే?"

"అంటే ఏటి? ఇరవైకి ఒకటి ఆవిడకి ఇచ్చీయాల. మా నాన్న అలగే కొలిసీవోడు, ఆళ్ళ నాన్నా అంతే. ఆవిడది ఆవిడకి ఇచ్చీసినామంటే మనవాటా జోలికి రాదు. దాన్ని లెక్కెడితే ఇచ్చినట్టు కాదు."

ఇరవైకి ఒకటంటే నూటికి ఐదు. ఎనిమిది వందల మీటర్ల మీద నలభై. రానూ పోనూ ఎనభై. ఆ ఎనభై మీటర్లకి బావ పరుగు వేగంతో ఎన్ని సెకన్లో బెంచీ మీదే లెక్కవేశాను. పదిహేనుకీ ఇరవైకీ మధ్యన వచ్చింది. పక్క ఊరి తెప్పల దగ్గర్నించి కర్రదాకా ఉండే ఆ కాస్త దూరం కళ్ళ ముందు కనబడింది. కర్రిగాడు దొంగ కాడు. ఊరు మొత్తంలో సరైన దూరం పరిగెత్తింది వాడొక్కడే.

"ఆ రోజు ఒడ్డు మీద బావకి కొలిచినప్పుడూ ఇలాగే వదిలావా మావా?"

ఆయన చేతులు ఆగాయి. గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాడు గానీ, ఏదీ గుర్తు రాలేదని మొహమే చెప్పింది. "సేతులకి తెలుస్తాదిరా, నాకేటి తెలుస్తాది. వొదిలే ఉంటాను," అన్నాడు. నేను అంతా వివరించాను. కర్ర ఎక్కడుండాలో, ఎక్కడ పడిందో. బావ బూట్లు విప్పేసిన రోజు నిజానికి పాసయ్యే టైములోనే ఉన్నాడని. వెళ్ళనన్న ఆ మాట మీదే నిలబడి ఉంటే ఆ కర్ర వల్లే గుజరాత్ వెళ్ళిపోయేవాడని. ఆ ఎక్కువ దూరం రోజూ పరిగెత్తడం వల్లే మైదానంలో అంత తేలిగ్గా గెలిచాడని కూడా.

మావ తాడు ఒళ్ళో పెట్టుకుని చెరువు వైపు చూశాడు. "అయితే ఆడు ఎల్లింది నా వల్లా, ఎల్లకుండా పోబోయింది కూడా నా వల్లేనా?"

"రెండూ మావా."

"నాను ఎల్లొద్దని అలగ కొలిసినానని అనుకుంతాడేటిరా?"

ఆయన గొంతు అలా వినడం నాకు అలవాటు లేదు. బావకి అక్కడే ఫోన్ చేశాను. ఎక్కడో మంచు కొండల్లో డ్యూటీ దిగి టీ తాగుతున్నాడట. చెప్పింది అంతా విని చాలాసేపు నవ్వాడు. కర్రిగాడి పేరు చెప్పి మళ్ళీ నవ్వాడు. తర్వాత, "నాన్నకి ఇయ్యి," అన్నాడు. వాళ్ళేం మాట్లాడుకున్నారో నాకు పూర్తిగా వినబడలేదు. మావ మాత్రం, "సరే. సరేరా. తినీసినావా?" అంటూ పంచె అంచుతో మొహం తుడుచుకున్నాడు.

ల్యాబు తెరవడానికి ఇంకా టైముంది. సంచీలో తాడు పెట్టి, "ఇంకో సుట్టు తిరుగుదాం నడు," అన్నాడు. అప్పట్లో మేం దూరం కొలుచుకోవడానికి ఒక తాడూ రెండు చేతులూ ఉండేవి. ఇప్పుడు చెరువు చుట్టూ కొలిచి బోర్డు మీద రాశారు, నా జేబులో ఫోన్ అడుగడుగూ కొలుస్తోంది, మావకి రోజుకి ఎన్ని గ్లాసుల నీళ్ళో డాక్టరమ్మ కొలిచి చెప్పింది. ఏ కొలతలోనూ ఎవరికీ వదిలే వాటా లేదు. తప్పు పట్టలేను, నేను పిల్లలకి నేర్పేదీ అదే.

చుట్టు పూర్తయింది. గేటు దగ్గర నేను ఆగాను. మావ ఆగకుండా కానుగ చెట్టుదాకా వెళ్ళి, మాను మీద అరచెయ్యి వేసి వెనక్కి వచ్చాడు. ఆ కర్ర తాకి వచ్చేటప్పటి బావలాగే ఉన్నాడు.

"ఈ అడుగులు కూడా గంగమ్మవేనా మావా?" అన్నాను. "ఇది ఊరి చెరువు కదా."

"గంగమ్మవి కావు. ఆడివి," అన్నాడు మావ. "ఢిల్లేసుగాడివి. ఆ కొండల్లో ఆడికి మనవోలు ఎవలూ లేరు కదా, ఈ నాలుగడుగులూ ఆడికి." తర్వాత ఎప్పట్లాగే అడిగాడు, ఇంటికెళ్ళి అత్తకి చెప్పాలి కాబట్టి: "ఇయ్యాల మొత్తం ఎంత నడిసినాన్రా?"

ఫోన్ తీసి చూశాను. కానుగ చెట్టుదాకా వేసిన అడుగుల్ని కూడా అది కలిపేసింది. నేను ఫోన్ జేబులో పెట్టుకుని, బోర్డు మీద రాసి ఉన్న దూరాన్ని మా చుట్లతో గుణించి, ఆ లెక్కే మావకి చెప్పాను.